పక్కింటి చప్పుడు: ఏది ఓర్చుకోవాలి, ఏది ఆపాలి?

(రాయచూరు జిల్లాలో సంఘ యువతీ యువకుల కూడికలో చేసిన ప్రసంగం పాఠం)



పక్కింట్లో బాడుగకు దిగినవాళ్లు రాత్రంతా గొడవ చేస్తుంటే విశ్వాసి ఏం చేయాలి? ఈ రోజు మనం మాట్లాడుకోవలసిన అంశం ఇది. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. ఒకే గోడకు అటూ ఇటూ కాపురాలు ఉండే మన ఓణీల్లో మాత్రం ఇది చిన్నది కాదు. రాయచూరు ఎండ మీకు తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో సగం ఊరు మిద్దెల మీదే పడుకుంటుంది. ఒక మిద్దె మీద బాక్సు పెడితే పది మిద్దెల మీద నిద్ర పోతుంది. ఎస్సెస్సెల్సీ, పీయూసీ చదివే పిల్లలు చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంటారు. శక్తినగర్ థర్మల్ స్టేషన్‌లోనో, హట్టి బంగారు గనిలోనో రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడికి పగలే రాత్రి. అతని నిద్ర గురించి ఎవరూ అడగరు కూడా.

ఇలాంటప్పుడు మనలో రెండు రకాలవాళ్లు కనిపిస్తారు. ఒకరు, "మనం క్రైస్తవులం, ఓర్చుకోవాలి" అని తలుపు వేసుకుంటారు. లోపల మాత్రం పళ్లు కొరుకుతుంటారు. అది ఓర్పు కాదు, అణచిపెట్టిన కోపం. ఇంకొకరు మొదటి రాత్రే వీధిలోకి వచ్చి, "మీరు ఎక్కడినుంచి వచ్చారు, మీ జనమే అంత" అని మొదలుపెడతారు. అది న్యాయం అడగడం కాదు, మనిషిని తిట్టడం. ఈ రెండూ కాని దారి ఒకటి వాక్యంలో ఉంది, మన దేశపు చట్టంలోనూ ఉంది.

ముందుగా ఏ చప్పుడు ఎలాంటిదో విడదీసి చూద్దాం. అన్నిటినీ 'గొడవ' అనే ఒకే సంచిలో వేస్తే తీర్పు తప్పుతుంది.

మొదటిది, ఓర్చుకోవలసిన చప్పుడు. చంటిబిడ్డ ఏడుస్తుంది. ముసలాయన రాత్రంతా దగ్గుతాడు. తెల్లవారక ముందే పనికి పోయే తల్లి నాలుగింటికి గిన్నెలు కడుగుతుంది. ఒకే గదిలో ఆరుగురు కూలీలు ఉంటే మాటలు బయటికి రాక మానవు. వాళ్ల భాష మనకు రాదు, వాళ్ల వంట వాసన మనకు కొత్త. ఇవి నేరాలు కావు, బతుకు చప్పుళ్లు.

రెండోది, మాట్లాడవలసిన చప్పుడు. రాత్రి పది దాటాక సౌండ్ బాక్సు, మిద్దె మీద పుట్టినరోజు పార్టీ, గేటు ముందు బండి ఆపి హారన్. ఇవి చాలావరకు పట్టనితనం వల్ల జరిగేవి. చెప్పేవాడు లేకపోవడం వల్ల కూడా సాగుతాయి.

మూడోది, ఆపవలసిన చప్పుడు. తాగి వచ్చి భార్యను కొట్టడం, దారిన పోయే ఆడపిల్లలను మాటలనడం, జూదం, కత్తి చూపి బెదిరించడం. ఇక్కడ ఓర్పు పుణ్యం కాదు. ఇక్కడ ఓర్చుకుంటే దెబ్బ తినేది మనం కాదు, గోడకు అవతల ఉన్న ఆ స్త్రీ, ఆ పిల్లలు.

ఇప్పుడు రెండో రకం చప్పుడు దగ్గర కాస్త ఆగుదాం. మత్తయి 18:15-17లో ప్రభువు ఒక క్రమం చెప్పాడు. తప్పు చేసిన సహోదరుడి దగ్గరికి మొదట నువ్వు ఒక్కడివే వెళ్లు. వినకపోతే ఒకరిద్దరిని తీసుకుని వెళ్లు. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. ఆ మాట సంఘంలోని సహోదరుల గురించి చెప్పిందే. అయినా అందులోని జ్ఞానం ప్రతి గడపకూ పనికొస్తుంది. మనం సాధారణంగా దీన్ని తలకిందులు చేస్తాం. ముందు వీధికంతటికీ చెబుతాం, తర్వాత వాట్సాప్ గ్రూపులో పెడతాం, తర్వాత ఓనరుకు ఫోన్ చేస్తాం. ఆ మనిషితో మాత్రం ఒక్క మాట మాట్లాడం.

వెళ్లేటప్పుడు వేళ చూసుకోండి. అర్ధరాత్రి, అతను తాగి ఉన్నప్పుడు, చుట్టూ స్నేహితులు ఉన్నప్పుడు వద్దు. మర్నాడు సాయంత్రం వెళ్లండి. పేరు అడగండి, మీ పేరు చెప్పండి. "అన్నా, మా పాపకు పరీక్షలున్నాయి. పది దాటితే బాక్సు కొంచెం తగ్గిస్తారా? మా వల్ల మీకేదైనా ఇబ్బంది ఉంటే మీరూ చెప్పండి" అనండి. ఈ చివరి మాట మరవద్దు. అది లేకపోతే మీరు పొరుగువారిగా కాక అధికారిగా వెళ్లినట్టు ఉంటుంది. ఒక్కసారి చెబితే మారకపోవచ్చు. రెండోసారి వీధిలో అందరూ గౌరవించే పెద్దమనిషిని వెంట తీసుకుని వెళ్లండి. మూడోసారి ఇంటి ఓనరుతో మాట్లాడండి. అడ్వాన్సు, బాడుగ తీసుకున్న ఓనరుకు ఆ ఇంటి వల్ల వీధికి కలిగే ఇబ్బందిలో బాధ్యత లేదనడానికి లేదు.

అప్పటికీ వినకపోతే చట్టం ఉంది. చట్టం దగ్గరికి వెళ్లడం విశ్వాసం తక్కువై కాదు. పౌలు కూడా తన రోమా పౌరహక్కును వాడుకున్నాడు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి అంటే పది గంటల నుంచి ఉదయం ఆరు వరకు. సొంత స్థలంలో వాడే సౌండ్ సిస్టమ్ అయినా, ఆ స్థలం హద్దు దగ్గర ఈ పరిమితిని 5 డెసిబెల్స్ కన్నా ఎక్కువ దాటకూడదు. "నా ఇల్లు, నా బాక్సు" అనే మాట చట్టం ముందు నిలవదు. 112కు ఫోన్ చేయవచ్చు. పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎంతసేపు జరిగిందో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. నలుగురు ఇరుగుపొరుగువారి సంతకాలు తీసుకోండి. గొంతు పెంచడం కన్నా ఆ పుస్తకం ఎక్కువ పని చేస్తుంది.

మూడో రకం చప్పుడుకు ఈ మెట్లన్నీ ఎక్కుతూ కూర్చోవద్దు. గోడ అవతల దెబ్బల చప్పుడు వింటే వెంటనే 112కు చెప్పండి. మహిళల సహాయానికి 181, పిల్లల కోసం 1098 ఉన్నాయి. 2005 గృహహింస చట్టం ప్రకారం హింస జరుగుతోందని నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా రక్షణ అధికారికి సమాచారం ఇవ్వవచ్చు. మంచి ఉద్దేశంతో ఇచ్చినవారి మీద కేసు ఉండదు. "అది వాళ్ల ఇంటి విషయం" అని మనం అంటుంటాం. కయీను కూడా తన తమ్ముడి గురించి అడిగినప్పుడు దాదాపు అలాంటి జవాబే ఇచ్చాడు.

ఇక్కడ మిమ్మల్ని ఒక విషయంలో హెచ్చరించాలి. 'సంఘవిరోధులు' అనే మాటను మనం ఎవరి మీద వేస్తున్నామో చూసుకోవాలి. పెద్ద బంగళాలో పెళ్లికి మూడు రాత్రులు డీజే మోగితే 'ఘనంగా చేశారు' అంటాం. రైస్ మిల్లు కూలీలు గదిలో గంటసేపు పాట పెట్టుకుంటే 'అల్లరిమూక' అంటాం. చప్పుడు ఒకటే, పేరు మాత్రం మనిషిని బట్టి మారుతోంది.

1917లో డాక్టర్ అంబేడ్కర్ విదేశాల్లో చదువుకుని బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లారు. అంటరాని కులంవాడని ఉండడానికి చోటు దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరుతో దిగారు. కొద్ది రోజులకే కర్రలు పట్టుకుని కొందరు వచ్చి, సత్రాన్ని మైల చేశావని వెళ్లగొట్టారు. ఆయన ఏ చప్పుడూ చేయలేదు. రాత్రుళ్లు ఒంటరిగా పుస్తకం చదువుకున్నాడు, అంతే. ఆ రోజు ఆయన చోటు అడిగినవారిలో ఒక క్రైస్తవ మిత్రుడు కూడా ఉన్నాడు. భార్య మర్నాడు వస్తుంది, ఆమెను అడిగి చెప్పాలి అని ఆ మిత్రుడు జవాబిచ్చాడు. ఆ దంపతులు బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చినవారు. మతం మారినా ఆ ఇంట్లో పాత ఆచారం మారలేదని తర్వాత తెలిసిందని అంబేడ్కర్ రాసుకున్నారు. ఆయనకు ఆ తలుపు తెరుచుకోలేదు. ఆ తలుపు ఒక క్రైస్తవుడి ఇంటిది. ఈ మాట మన గుండెల్లో నాటుకోవాలి.

మన సంగతీ చూసుకుందాం. తుంగభద్ర ఎడమ కాలువ కింద సాగు కోసం ఆంధ్ర నుంచి వచ్చిన తెలుగువాళ్లు సింధనూరు, మాన్వి వైపు క్యాంపులు వేసుకున్నారు. ఈ నేల వాళ్లకు చోటిచ్చింది. ఈ రోజు మన పిల్లలు బెంగళూరులో, హైదరాబాదులో బాడుగ ఇళ్లు వెతుకుతున్నారు. "ఏ ఊరు, ఏ కులం, ఏ మతం, ఏం తింటారు" అన్న ప్రశ్నలు వాళ్లకూ ఎదురవుతున్నాయి. మీరు కూడా ఐగుప్తులో పరదేశులుగా ఉన్నవారే, కాబట్టి మీ మధ్య ఉన్న పరదేశిని ప్రేమించండి అని లేవీయకాండం 19:34 చెప్పే మాట ఇదే. అందుకే ఫిర్యాదులో చప్పుడు గురించి రాయండి, వేళ గురించి రాయండి. కులం, భాష, మతం అందులోకి రానివ్వద్దు.

ఇక మనకు ఇష్టంలేని మాట ఒకటి మిగిలింది. కొన్ని వీధుల్లో ఆ గొడవ చేసే పక్కింటివాళ్లు మనమే.

చెన్నైలో మాధవరం హై రోడ్డు దగ్గర ఒక పెంతెకొస్తు సంఘం ఉండేది. లౌడ్‌స్పీకర్లు, డ్రమ్ములతో ఆరాధన చేసేవారు. పక్కన ఉన్న మెజెస్టిక్ కాలనీవాళ్లు ఫిర్యాదు చేశారు. మద్రాసు హైకోర్టు ఆదేశాలు ఇస్తే సంఘం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అసలు చప్పుడు రోడ్డు మీద వాహనాలదనీ, మైనారిటీలం కాబట్టి మమ్మల్ని అడ్డుకుంటున్నారనీ వాదించింది. 2000 ఆగస్టు 30న సుప్రీంకోర్టు ఆ అప్పీలును కొట్టివేసింది. పక్కవాళ్ల శాంతిని చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదనీ, ముసలివాళ్లు, రోగులు, చంటిపిల్లలు, విద్యార్థుల హక్కును కూడా చూడాలనీ చెప్పింది. ఈ న్యాయం గుడికీ మసీదుకీ చర్చికీ ఒక్కటే.

చప్పుడును సాకుగా చేసుకుని మన ఆరాధనను ఆపాలని చూసేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. ఇంట్లో నలుగురు కూడి మెల్లగా ప్రార్థన చేసుకున్నా వచ్చి అడ్డుకునేవాళ్లు ఉన్నారు. దాన్ని మనం చట్టబద్ధంగా, ధైర్యంగా ఎదుర్కోవాలి. అయితే ఆ రోజు మన పక్షాన నిలబడవలసింది ఎవరు? పక్కింటివాళ్లే. "వీళ్ల వల్ల మాకే ఇబ్బందీ లేదు" అని ఒక హిందూ తల్లి, ఒక ముస్లిం సోదరుడు చెబితే, అది పది మంది వకీళ్ల వాదన కన్నా బలం. మనం రాత్రి పదకొండు దాకా బాక్సులు మోగించి ఉంటే ఆ తల్లి ఏమని చెబుతుంది? పెందలకడనే లేచి పెద్ద గొంతుతో స్నేహితుడిని దీవించినా అది అతనికి శాపంగానే తోస్తుందని సామెతలు 27:14లో ఉంది. మన నోట దీవెనే ఉండవచ్చు. వినే చెవికి అది ఎలా చేరుతోందో కూడా చూసుకోవాలి.

కాబట్టి యువకులారా, ఈ వారం మూడు పనులు చేయండి. మందిరంలో సౌండ్ చూసుకునేది మీరే కదా, ఆరాధన జరుగుతుండగా ఒకరు బయటికి వెళ్లి పక్కింటి గడప దగ్గర నిలబడి వినండి. మాట అక్కడ కూడా గట్టిగా వినిపిస్తే లోపల తగ్గించండి. రెండోది, చుట్టుపక్కల నాలుగిళ్లకు వెళ్లి, "మా వల్ల మీకు ఇబ్బంది ఉందా?" అని అడగండి, చెప్పింది వినండి. మూడోది, మీ వీధిలో కొత్తగా బాడుగకు దిగినవాళ్లు ఎవరో తెలుసుకోండి. గొడవ జరిగిన రోజున మొదటిసారి తలుపు తట్టడం కన్నా, దిగిన రోజునే ఒక బిందె మంచినీళ్లతో తట్టడం మేలు.

మన చేతనైనంత మట్టుకు అందరితో సమాధానంగా ఉండమని పౌలు రోమా సంఘానికి రాశాడు. అవతలివాళ్ల చేతిలో ఉన్నది మన లెక్కలోకి రాదు. మన చేతనైనంత చేశామా లేదా అన్నదే ప్రభువు మనల్ని అడుగుతాడు.

సమాధానకర్తయైన దేవుడు మన ఇళ్లకు, మన పక్కింటివాళ్లకు, గోడ అవతల భయంతో మేలుకొని ఉన్న ప్రతి ప్రాణానికి నెమ్మది దయచేయును గాక. ఆమేన్.