వడ్డీ ముందు, ఖర్చు తర్వాత

బాలాపూర్ అనగానే వినాయకుడి లడ్డూ వేలంలో పలికే లక్షలు గుర్తొస్తాయి. అయితే అక్కడే నెలకు 4,016 రూపాయల ఆసరా పింఛనుతో ఇల్లు నెట్టుకొచ్చే దివ్యాంగులకు ప్రతి వందా లెక్కే.

ముందు అప్పులన్నీ కాగితం మీద రాయండి: ఎవరికి, ఎంత, ఏ వడ్డీకి. నూటికి మూడు రూపాయల వడ్డీకి పదివేలు తెస్తే నెలకు 300 వడ్డీకే పోతాయి, అసలు అలాగే ఉంటుంది. పొదుపు సంఘంలో రూపాయి వడ్డీకి దొరికితే 100తో సరి. అందుకే ఎక్కువ వడ్డీ అప్పునే ముందు తీర్చాలి.

పింఛను అందగానే మందులకు, అద్దెకు పక్కన పెట్టండి. రేషన్ కార్డుపై మనిషికి 6 కిలోల సన్నబియ్యం, 200 యూనిట్ల లోపు ఉచిత కరెంటు వస్తున్నాయో లేదో చూసుకోండి.

మైక్రోఫైనాన్స్ కిస్తులా? రిజర్వ్ బ్యాంకు 2022 నిబంధనల ప్రకారం, అప్పుల కిస్తులన్నీ కలిపి కుటుంబం నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఆ లెక్క అప్పిచ్చే సంస్థను అడగండి. ఏటీఎం కార్డు మాత్రం ఎవరికీ తాకట్టు పెట్టొద్దు. పింఛను ఆగకుండా, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కు గడువు ఉంటే, అది ముగిసేలోగా మళ్లీ పరీక్షకు దరఖాస్తు చేసుకోండి.