పరి — పెరి



ఇంగ్లీషు రావలెనన్న తెలుగు మానిపింపవలెనని మనలో కొందరు తలంచుచున్నారు. మేము అట్లు తలంపము. తెలుగు చదివిన బాలునకు పరిధి, పరిసరము, పరిభ్రమణము అను మాటలలో ‘పరి’ యనగా ‘చుట్టును’ అని తెలియును. గ్రీకునుండి ఇంగ్లీషునకు వచ్చిన ‘పెరి’ దీనికి తోబుట్టువే. పెరిమీటరు చుట్టుకొలత, పెరికార్డియము గుండెను చుట్టిన పొర, పెరిస్కోపు చుట్టును పరికించు సాధనము. వేర్వేరుగా వల్లించిన మరపునకు వచ్చు మాటలు ఒక్క ఉపసర్గతో గుర్తుండును. అయితే అపాయమను అర్థముగల ‘పెరిల్’ ఈ కోవకు చెందదు. నిఘంటువు చూచి నిశ్చయించుకొనవలెను.

ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాక వర్గముల పిల్లలకు మాతృభాషా బోధనకు వసతులు కల్పింప యత్నించుట రాష్ట్రముల విధియని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. ఆ వసతిని అడుగుదము; ఇంట తెలుగు వాచకము తెరిపింతము.