కార్న్ స్నేక్ పెంపకం

అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పొలాల్లో, పైన్ అడవుల్లో తిరిగే కార్న్ స్నేక్‌కు విషం లేదు. ఎలుకను చుట్టలతో బిగించి చంపి మింగుతుంది. నారింజ ఒంటిపై ఎర్రటి మచ్చలు, 3 నుంచి 5 అడుగుల పొడవు, నెమ్మదైన స్వభావం. అందుకే అక్కడ ఎందరో దీన్ని ఇళ్లలో పెంచుతారు. మన జెర్రిపోతునో మరో దేశవాళీ పామునో పట్టి పెంచడం మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

పాము తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. కాబట్టి దాన్ని ఉంచే పెట్టెలో ఒక వైపు 30 డిగ్రీల సెల్సియస్ దాకా వెచ్చగా, రెండో వైపు 24 దగ్గర చల్లగా ఉంచాలి. దాక్కోవడానికి చోటు, నీళ్ల గిన్నె, గట్టిగా బిగిసే మూత ఉండాలి. సందు దొరికితే పాము పెట్టెలో ఉండదు! బతికున్న ఎలుక తిరగబడి కరుస్తుంది గనక, గడ్డకట్టించిన ఎలుకను కరిగించి పెట్టడమే మేలు.

పాము పిల్లలు కావాలనుకునేవారు చలికాలంలో రెండు మూడు నెలలు పాముల్ని చల్లగా, మేత లేకుండా ఉంచుతారు. వసంతంలో జతకడతాయి. ఆడపాము సాధారణంగా 10 నుంచి 20 గుడ్లు పెడుతుంది. పెంకు తోలులా మెత్తన. కోడిగుడ్లలా వీటిని తిప్పకూడదు. తిప్పితే లోపలి పిండం చనిపోవచ్చు. తేమగా, 28 డిగ్రీల దగ్గర ఉంచితే సుమారు రెండు నెలలకు పిల్లలు బయటికొస్తాయి. వారం పది రోజుల్లో తొలి కుబుసం విడుస్తాయి. ఆ తర్వాతే వాటికి మొదటి మేత.