మడతల బొంత

పిల్లవాడు కాగితపు పడవను చేయుట మన మందరము చూచినదే. కత్తెర లేదు, జిగురు లేదు. నాలుగైదు మడతలు పడినంతనే చదునైన కాగితము నీటిపై తేలు పడవ యగును. ఈ మడతవిద్యను గుడ్డపైకి తెచ్చి, కంటి కింపైన బొంతగా కుట్టు పనిని గూర్చి నేడు మీతో నాలుగు మాటలు మనవి చేసికొందును.

కాగితపు మడతలకు జపాను దేశము పేరుపొందినది. అచ్చట దీనిని ఓరిగామి యందురు. కాగితపు కొంగలను మడచు విధములను దెలుపు గ్రంథ మొకటి 1797లోనే క్యోటో నగరమున అచ్చయ్యెను. మన దక్షిణదేశమునకును ఈ విద్యతో సంబంధము కలదు. టి. సుందరరావుగారు కాగితపు మడతలతోనే క్షేత్రగణితమును బోధించు ఇంగ్లీషు గ్రంథమును 1893లో మద్రాసున ప్రకటించిరి. జర్మను గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ దానిని తన గ్రంథమున పేర్కొనెను. కావున మడత యనునది పిల్లలాట మాత్రమే కాదు; దాని వెనుక కొలత కలదు.

ఆ కొలతను గుడ్డలో చక్కగా చూపు బొంత యొకటి అమెరికా దేశమున ప్రసిద్ధము. దానిని కథీడ్రల్ విండో యందురు. అనగా పెద్ద క్రైస్తవ దేవాలయపు కిటికీ యని యర్థము. చదరపు గుడ్డ నాలుగు మూలలను నడిమికి మడచిన మరియొక చదరము వచ్చును. దాని వైశాల్యము మొదటిదానిలో సగము. ఆ చదరపు మూలలను మరల నడిమికి మడచిన వైశాల్యము నాలుగవ వంతగును, మందము నాలుగు పొరలగును. కనుకనే ఈ బొంతకు లోపల దూది పెట్టనక్కర లేదు.

కాని కాగితమునకును గుడ్డకును స్వభావభేదము కలదు. కాగితము ఒకసారి పడిన మడతను మరువదు. గుడ్డ వెంటనే మరచును. కావున నూలుగుడ్డను ముందుగా ఉతికి, కుదించుకొననిచ్చి, గంజిపెట్టి, ప్రతి మడతను ఇస్త్రీతో అణచవలెను. పడుగు పేకల వెంబడి గుడ్డ నిలుకడగా నుండును. ఐమూలగా లాగిన సాగును. మొదటి మడత ఐమూలగా పడును గనుక చేయి తొందరపడిన చదరము వంకరపోవును.

పన్నెండున్నర అంగుళముల చదరమును తీసికొని, నలువైపుల పావు అంగుళము లోపలికి మడచిన పన్నెండు అంగుళములు మిగులును. పై చెప్పినట్లు రెండుమారులు మడచిన ఆరు అంగుళముల చదరమగును. నడుమ కలిసిన మూలలను దారముతో బిగింపవలెను. ఇట్టి చదరములను అంచుకు అంచు చేర్చి కుట్టిన, ప్రతి అతుకుపైనను ఐమూల చదర మొకటి యేర్పడును. దానిపై నాలుగంగుళములకు మించని రంగుగుడ్డ పేలికను ఉంచి, చుట్టునున్న మడత అంచులను దానిపైకి త్రిప్పి కుట్టవలెను. ఆ అంచు ఐమూలది గనుక చక్కగా వంగును. పూరేకువంటి రూపము దానంతట వచ్చును. ఇందాక చిక్కు కలిగించిన ఆ సాగుడే యిప్పుడు అందమునకు కారణ మగుచున్నది.

అయిదడుగుల చదరపు బొంతకు ఇట్టివి నూరు చదరములు, నూట ఎనుబది పేలికలు కావలెను. తెల్లగుడ్డయే పన్నెండు చదరపు గజములు పట్టును. కావున మొదట కాగితముతో మడచి చూచుకొని, తరువాత నాలుగు చదరములు మాత్రము కుట్టి అభ్యసించుట మేలు. పేలికలకు కొత్తగుడ్డ కొననక్కర లేదు. తల్లి చీర చెరగు, తండ్రి పైపంచె అంచు, పిల్లల చొక్కాల మిగులు, ఇవన్నియు ఒక్కొక్క కిటికీలో నిలుచును.

1971లో న్యూయార్కు నగరమునందలి విట్నీ మ్యూజియమున అమెరికా స్త్రీలు కుట్టిన పాతబొంతలను చిత్రపటములవలె గోడలకు వ్రేలాడదీసి ప్రదర్శించిరి. చూచినవారు ఆశ్చర్యపడిరి. కాని వానిలో పెక్కింటిని కుట్టినవారి పేరు తెలియదు. పని నిలిచినది, పేరు పోయినది.

మన యిండ్లలోను అంతియే. పాతచీరలను పొరలుగా పరచి, వరుసలు తప్పక కుట్టిన బొంత చలికి కప్పుకొనుటకు పనికివచ్చినది, చినిగినంతనే మూలబడినది. దానిని కుట్టిన చేతి నేర్పును నేర్పు అనుకొన్నవారు కొలదిమంది. ఇది చెల్లదు. గణితగ్రంథమున కెక్కిన మడతయు, అవ్వ సూదిమొనను నడచిన కుట్టును, రెండును బుద్ధి చేసిన పనులే.

పెద్దలగు మీకు నా విన్నపము స్వల్పము. మీ యింట బొంత యున్నయెడల బయటికి తీసి, వెలుతురున పరచి చూడుడు. కుట్టినవారు జీవించియున్నచో ఏ గుడ్డ ఎవరిదో అడిగి తెలిసికొనుడు. కొత్తబొంతను కుట్టించినచో దాని వెనుక ఒక మూలను కుట్టినవారి పేరును, సంవత్సరమును దారముతోనే వ్రాయింపుడు. అందుకు పట్టునది కొద్దిపాటి దారము మాత్రమే.