ఒంటికో జమాఖర్చుల పుస్తకం

"మీరు కంప్యూటరు మనిషి కదా, ఇంట్లో అందరికీ పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అని అడిగారు ఈ కార్యక్రమం నడిపేవాళ్ళు. నేను ఎం.ఎస్. చదవడానికి 2010లో అమెరికా వచ్చి, ఇప్పుడు డాలస్ దగ్గర ఐటీ కన్సల్టెంటుగా పనిచేస్తున్నాను. డాక్టర్ని కాను, పోషకాహార నిపుణుణ్ణీ కాను. కాబట్టి ఈరోజు నేను చెప్పేది వైద్యం కాదు. మా ఇంట్లో ఒక స్ప్రెడ్‌షీటు చేసిన గొడవ, దానివల్ల జరిగిన మేలు, అంతే.

2023 మార్చిలో ఏటా చేయించుకునే రక్తపరీక్ష చేయించుకున్నాను. ఏ1సీ 6.1 వచ్చింది. ఏ1సీ అంటే సుమారు గత మూడు నెలల్లో మన రక్తంలో చక్కెర సగటున ఎలా ఉందో చెప్పే పరీక్ష. 5.7 లోపు ఉంటే మామూలు. 5.7 నుంచి 6.4 దాకా మధుమేహానికి ముందు మెట్టు. 6.5 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే మధుమేహం. నా వయసు అప్పటికి ముప్ఫై అయిదు.

"నేను లావుగా లేనే!" అన్నాను డాక్టరుగారితో. అయిదడుగుల ఏడంగుళాల ఎత్తు, 168 పౌండ్ల బరువు. బీఎంఐ 26 చిల్లర. ఆవిడ నవ్వి, ఆసియా నుంచి వచ్చినవాళ్ళకి లెక్క వేరని చెప్పారు. ఇక్కడి డయాబెటిస్ అసోసియేషన్ వాళ్ళు మామూలుగా 25 దగ్గర గీసే గీతని, ఆసియా మూలాలున్నవాళ్ళకి 2015లో 23కి దించారు. మనవాళ్ళకి తక్కువ బరువులోనే, ముఖ్యంగా పొట్ట చుట్టూ కొవ్వు చేరేవాళ్ళకి, ఈ జబ్బు వస్తుందని తెలిశాక చేసిన మార్పు అది.

నాకు భయం వేసింది గీతల గురించి కాదు. మా నాన్నగారికి ఇరవయ్యేళ్ళకి పైగా సుగరు. 2016లో కాలికి చిన్న పుండు పడి, మానక, చివరికి ఒక వేలు తీసేశారు. అప్పుడు నేను ఇక్కడ ప్రాజెక్టు గడువులో ఉండి వెళ్ళలేకపోయాను. ఆ సంగతి ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

డాక్టరుగారు ఇంకో మాట కూడా చెప్పారు. అమెరికాలో మూడు వేల పైచిలుకు మంది మీద చేసి, 2002లో ఫలితాలు ప్రకటించిన పెద్ద అధ్యయనం ఒకటుంది. నాలాగా ముందు మెట్టు మీదున్నవాళ్ళు బరువు ఏడు శాతం తగ్గి, వారానికి 150 నిమిషాలు నడవడం లాంటి వ్యాయామం చేయడం వాళ్ళ లక్ష్యం. ఆ దారి పట్టినవాళ్ళలో మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మందు వేసుకున్నవాళ్ళకంటే వీళ్ళకే ఎక్కువ మేలు జరిగింది. నా లెక్కలో ఏడు శాతమంటే పన్నెండు పౌండ్లు. సరే, పన్నెండు పౌండ్లేగా అనుకున్నాను.

మరి ఫోన్లో బోలెడు ఆప్‌లుండగా పాతకాలం మనిషిలా డెస్క్‌టాప్ దగ్గర ఎందుకు కూర్చున్నావంటారా? రెండు కారణాలు. మొదటిది, ఆప్‌ నడిపే కంపెనీ దుకాణం కట్టేస్తే మన లెక్కలూ దానితోపాటే పోవచ్చు. గూగుల్ హెల్త్ 2008లో మొదలై 2012 జనవరిలో మూతపడింది. మైక్రోసాఫ్ట్ వాళ్ళ హెల్త్‌వాల్ట్ 2007లో వచ్చి 2019 నవంబరులో వెళ్ళిపోయింది. మన ఒంటి లెక్క ముప్ఫై నలభై ఏళ్ళ లెక్క. అది మన ఇంట్లో, మన చేతిలో ఉండాలి. రెండోది, ఫోను రోజంతా పిలుస్తూనే ఉంటుంది. డెస్క్‌టాప్ దగ్గరికి మనమే రాత్రి ఒక్కసారి వెళ్ళి, పది నిమిషాలు కూర్చుని, రాసి లేస్తాం.

ఈ రెండో అలవాటు మా నాన్నగారిది. తెనాలిలో మాకు బట్టల కొట్టుండేది. రాత్రి తలుపులు దించాక ఆయన చిట్టా రాసేవారు. ఆదివారం ఆ చిట్టాలోంచి ఆవర్జాలోకి ఎక్కించేవారు. అందుకే నేను కూడా లిబ్రేఆఫీసులో ఒక ఫైలు తెరిచి రెండు షీట్లు పెట్టాను. ఒకటి చిట్టా, ఏ రోజుకారోజు తిన్నది, నడిచింది, పడుకున్నది రాయడానికి. రెండోది ఆవర్జా, వారం వారం సగటులు చూసుకోవడానికి. లిబ్రేఆఫీసు ఉచితం, ఎక్సెల్ ఉన్నవాళ్ళు అదే వాడుకోవచ్చు.

ఇక మొదటి వారం నా తెలివితేటలు వినండి. తినే వస్తువుల పోషక విలువలకి అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళ పట్టిక ఉంది. కానీ మన వంటింటి సరుకు అందులో అంతంతమాత్రం. వెతగ్గా మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ గుర్తొచ్చింది. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకి తరలివచ్చిన సంస్థ అది. వాళ్ళు 2017లో 528 ఆహార పదార్థాలతో కొత్త పట్టికలు వేశారు. గోంగూర కూడా ఉంది అందులో. పచ్చ గోంగూర వేరు, ఎర్ర గోంగూర వేరు! ప్రాణం లేచొచ్చింది.

ఆ అంకెలు తెచ్చి నా షీటులో పెట్టుకున్నాను. వంద గ్రాముల బియ్యానికి సుమారు 1490 అని వచ్చింది. ఇంత తింటూ నేనింకా ఎలా బతికున్నానని రెండు రోజులు ఆశ్చర్యపోయాను. తీరా చూస్తే ఆ పట్టికలో శక్తిని కేలరీల్లో కాదు, కిలోజౌళ్ళలో ఇచ్చారు. 4.184తో భాగిస్తే దాదాపు 356 కేలరీలు. మాస్టర్స్ డిగ్రీ చేసినవాడి సంగతి ఇది.

అది సరిచేశాక ఇంకో తప్పు. కంచంలో పెట్టుకున్న రెండొందల గ్రాముల అన్నాన్ని, బియ్యం విలువతో గుణించాను. ఏడొందల కేలరీలని వచ్చింది. కానీ బియ్యం ఉడికితే నీళ్ళు తాగి మూడింతల దాకా బరువెక్కుతుంది. వంద గ్రాముల అన్నానికి సుమారు 130 కేలరీలే. అంటే నా కంచంలో ఉన్నది 260. మీరెవరైనా ఇలాంటి లెక్క మొదలుపెడితే, రాసే అంకె పచ్చి సరుకుదా, వండినదా అన్నది ముందు తేల్చుకోండి. నూనె కూడా అంతే. ఒక టేబుల్‌స్పూను నూనె 120 కేలరీలు. తాలింపులో ఎంత పోశామో కంచంలో చూసి చెప్పలేం.

మే నెలలో అమ్మా నాన్నా ఆరు నెలలుందామని వచ్చారు. అసలు కథ అప్పుడు మొదలైంది. భోజనానికి కూర్చోగానే నేను కంచం కాటా మీద పెట్టి అన్నం తూచేవాణ్ణి. పప్పు వేస్తుంటే "అమ్మా, ఇందులో నూనె ఎంత పోశావ్?" అని అడిగేవాణ్ణి. రెండు రోజులు ఊరుకుంది. మూడో రోజు గరిటె గిన్నెలో పెట్టేసి, "నా చేతి వంట తిని నీకు సుగరొచ్చిందని రాస్తున్నావా అందులో?" అంది. నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే, నిజం చెప్పాలంటే, నేను మనసులో అనుకుంటున్నది అదే.

మా ఆవిడ వచ్చి సర్దింది. కంచం తూచడం మానేసి గిన్నె తూచమంది. అంటే వండే ముందు కందిపప్పెంత, నూనెంత, కూరలెంత అని ఒక్కసారి రాసుకోవడం, వండాక గిన్నెతో సహా తూచి, ఖాళీ గిన్నె బరువు తీసేయడం. ఖాళీ గిన్నెల బరువులన్నీ ఒక కాగితం మీద రాసి అలమర తలుపుకి అంటించాం. ఆ తర్వాత అమ్మ వాడే గరిటెడు పప్పు ఎన్ని గ్రాములో ఒక్కసారి చూసుకుంటే చాలు. షీటులో "గరిటెలు: 2" అని రాస్తే మిగతాది కంప్యూటరే కట్టుకుంటుంది. భోజనాల బల్ల మీంచి కాటా వెళ్ళిపోయింది.

కాటా తీసేయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా ఎనిమిదేళ్ళ పాప ఒకరోజు ఇడ్లీ చేతిలో పట్టుకుని, "నాన్నా, నేనివాళ ఎన్ని కేలరీలు తినొచ్చు?" అని అడిగింది. ఆ రోజు నుంచీ పిల్లల ముందు ఆ మాటే ఎత్తడం లేదు. ఎదిగే పిల్లలకి ఈ లెక్కలొద్దండీ. వాళ్ళ ఎత్తూ బరువూ వాళ్ళ డాక్టరు చూసుకుంటారు.

ఆరు వారాల చిట్టా పోగయ్యాక ఆవర్జాలో ఒక పని చేశాను. తిన్నదాన్ని రాత్రి తొమ్మిదికి ముందు, తర్వాత అని విడగొట్టాను. పక్కనే ఆ రాత్రి హైదరాబాదు టీముతో కాల్ ఉందా లేదా అన్న గడి పెట్టాను. వారానికి మూడు రాత్రులు నాకు తొమ్మిదిన్నరకి కాల్ ఉంటుంది. ఇక్కడ ఎండాకాలంలో అది హైదరాబాదులో పొద్దున్న ఎనిమిది. కాల్ లేని రాత్రుల్లో తొమ్మిది తర్వాత నేను తిన్నది సగటున 90 కేలరీలు. కాల్ ఉన్న రాత్రుల్లో 480. మ్యూట్‌లో పెట్టుకుని, డబ్బా ముందు పెట్టుకుని, ఏం తింటున్నానో కూడా చూడకుండా తిన్న జంతికలవి. నూనెలో వేగినవి కదా, వంద గ్రాములకి అయిదొందల దాకా ఉంటాయి. ఆ రాత్రుల్లో నిద్ర ఆరు గంటల లోపే. అమ్మ వండిన అన్నం, పప్పు, కూర మాత్రం అన్ని రోజులూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి.

అమ్మని పిలిచి ఆ షీటు చూపించి, "తప్పు నీ వంటది కాదమ్మా, నాది" అన్నాను. కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా చూసింది. చూసి, "ఆ జంతికలు చేసి తెచ్చిందీ నేనే కదరా" అంది. అందరం నవ్వాం. కానీ చాలా రోజుల తర్వాత ఆ రాత్రి అమ్మ నాకు వడ్డిస్తూ కబుర్లు చెప్పింది.

వెనక కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తున్న నాన్నగారు లేచి లోపలికి వెళ్ళి, తన సుగరు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. వరసగా అన్నీ మంచి అంకెలే. మధ్యలో మాత్రం తేదీలు లేవు. వారాలకి వారాలు ఖాళీ.

"బాగున్న రోజులే రాశాన్రా" అన్నారు. "ఎక్కువొచ్చిన రోజు రాస్తే మీ అమ్మ కంగారు పడుతుంది, నువ్వు ఫోన్లో కేకలేస్తావు."

నలభై ఏళ్ళు కొట్టు చిట్టాలో ఒక్క రూపాయి నష్టం దాచని మనిషి. నా కేకలకి భయపడి తన ఒంటి నష్టం దాచారు. 2016కి ముందు నేను ఫోన్లో అడిగిన ప్రతిసారీ "నార్మలేరా" అనే మాట ఎందుకొచ్చేదో నాకప్పుడు అర్థమయింది.

నేనివాళ చెప్పదలచుకున్నది ఇదేనండీ. సాఫ్ట్‌వేరు ఏదైనా ఫరవాలేదు. అంకె చూసి తిట్టే ఇంట్లో అంకెలు నిజం చెప్పవు. అమ్మని తప్పు పట్టడానికి మొదలుపెట్టాను గనుకే నా లెక్క మొదట్లో తిన్నగా నడవలేదు. నాన్నని కేకలేశాను గనుకే ఆయన లెక్కలో కంతలు పడ్డాయి.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. గడులు అయిదారు మించొద్దు. తిన్నది, తిన్న వేళ, నడిచిన నిమిషాలు, నిద్ర గంటలు, బరువు, చివర "ఏం జరిగింది" అని ఒక ఖాళీ గడి. నాకు పనికొచ్చిన సంగతులన్నీ ఆ ఖాళీ గడిలోవే. బరువు ఏ రోజుకారోజు చూసి బెంగపడొద్దు. ఆవకాయన్నం తిన్న మర్నాడు ఉప్పుకి నీరు చేరి రెండు పౌండ్లు పెరుగుతుంది, మళ్ళీ పోతుంది. ఏడు రోజుల సగటు చూడండి. ఫైలుకి ఇంకో కాపీ వేరే డ్రైవులో దాచుకోండి. షీటు చూసి మీ అంతట మీరు మందులు మార్చొద్దు. అచ్చువేసి డాక్టరుకి చూపించండి. మా డాక్టరుగారు నా మాటలకంటే ఆ ఒక్క పేజీనే ఎక్కువ సేపు చూశారు.

నా సంగతంటారా, కాల్స్ మూడింటిని రెండు చేయించుకున్నాను. రాత్రి భోజనం ఏడింటికే. కాల్‌లో హెడ్‌సెట్ పెట్టుకుని ఇంట్లోనే నడుస్తాను, ఎండాకాలం డాలస్‌లో బయట నడవడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఆకలేస్తే ఒక చిన్న గిన్నెడు పుట్నాలు, మజ్జిగ. 2024 మార్చికి పదకొండు పౌండ్లు తగ్గాను, ఏ1సీ 5.7 వచ్చింది. అంటే ఇంకా గీత మీదే నిలబడ్డాను. రాయడం మానలేదు.

నాన్నగారు తెనాలి వెళ్ళాక ఆ ఫైలులో ఆయన పేరుతో ఇంకో షీటు పెట్టాను. ప్రతి ఆదివారం ఫోన్లో ఆ వారం అంకెలు చదువుతారు, నేను ఎక్కిస్తాను. మొదటి ఆదివారం "మంగళవారం 243" అని చదివి ఆగారు. నేనేమంటానోనని. "రాశాను నాన్నా, తర్వాతది చెప్పండి" అన్నాను. తర్వాతది చెప్పారు.