చాయ్ అనుకొని వెళితే...
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. అందుకే ఏటా ఈ రోజున మనం ఇలా కలుసుకుంటున్నాం. కార్యదర్శి గారు నన్ను అమెరికా అనుభవాలు నాలుగు ముక్కలు చెప్పమన్నారు. వంతెనలు, మేడలు గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. నేను తిండి గురించి చెబుతాను. అందులో మన పెన్షన్ సంగతి కూడా ఉంది.

2023లో నేను, మా ఇంటావిడ ఆరు నెలలు మా అబ్బాయి దగ్గర ఉన్నాము. ఊరు కాలిఫోర్నియాలోని శాన్ హోసే. అందులో ఎవర్‌గ్రీన్ అనే ప్రాంతం. కొడుకు, కోడలు ఇద్దరూ ఉద్యోగస్తులు. ఇద్దరు పిల్లలు. మేమిద్దరం చేరితే ఆరుగురం. వెళ్లిన మర్నాటి నుంచే వంటగది మా ఆవిడ చేతికి వచ్చింది. ఎవరూ బలవంతం చేయలేదు. కోడలు వద్దనే అన్నది. కానీ మన ఆడవాళ్ల సంగతి మీకు తెలుసు కదా! ఉదయం టిఫిను, పిల్లలకు డబ్బాలు, మధ్యాహ్నం మా ఇద్దరికీ అన్నం, రాత్రి అందరికీ వంట. మోకాళ్ల నొప్పులతో నిలబడి చేసేది.

ఒక రాత్రి గిన్నెలు సర్దుతూ అన్నది: "మీకైతే యాభై ఎనిమిదేండ్లకే రిటైర్మెంట్ ఇచ్చిండ్రు. ఈ పొయ్యికాడ నాకు ఎప్పుడిస్తరయ్యా?"

ఖజానా శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసినవాణ్ణి. ఎన్నో బిల్లులకు అభ్యంతరాలు రాశాను. ఈ అభ్యంతరానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

వారానికి ఒక్కరోజైనా ఆమెను పొయ్యి ముట్టనివ్వకూడదని నిశ్చయించుకున్నాను. అబ్బాయి, "బాపూ, నేను ఫోన్‌లో ఆర్డర్ పెడతా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఈ ఖర్చు నా పెన్షన్‌లో నుంచే కావాలి. అదే నా పట్టుదల. మన వాళ్ల హోటళ్లకు పోవాలంటే కారు కావాలి, బిల్లు చూస్తే గుండె దడ. కాబట్టి బస్సులో వెళ్లగలిగినవి వెతకటం మొదలుపెట్టాను. అక్కడి సిటీ బస్సుల్లో వృద్ధులకు టికెట్‌లో రాయితీ ఉంది.

అలా చేరింది స్టోరీ రోడ్డుకు. ఆ ప్రాంతాన్ని లిటిల్ సైగాన్ అంటారు. 1975లో వియత్నాం యుద్ధం ముగిశాక వలస వచ్చిన కుటుంబాలు ఆ ఊళ్లో స్థిరపడ్డాయి. ఇప్పుడు అక్కడ లక్షమందికి పైగా వియత్నాం వారున్నారు. వియత్నాం బయట మరే నగరంలోనూ అంతమంది లేరని చెబుతారు.

అక్కడ ఒక చిన్న హోటలు బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో సి, హెచ్, ఏ, వై అని కనిపించింది. ప్రాణం లేచి వచ్చింది. షాద్‌నగర్ చౌరస్తా గుర్తుకొచ్చింది. లోపలికి పోయి దర్జాగా కూర్చొని "వన్ చాయ్" అన్నాను. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదిగా కనిపించిన ఒక ముసలమ్మ తల ఊపి వెళ్లింది. కాసేపటికి పెద్ద గిన్నె నిండా పొగలు కక్కుతున్న చారులో బియ్యపు సేమియా, పైన కూరగాయలు తెచ్చి పెట్టింది! వాళ్ల భాషలో ఆ మాటకు శాకాహారం అని అర్థమట. చై అన్నట్టుగా పలుకుతారు.

మిత్రులారా, పిల్లల దగ్గరికి పోయేవారు మీలో చాలామంది ఉన్నారు. ఆ ఒక్క మాట గుర్తుంచుకోండి. ఎందుకంటే అంతకు ముందు వారమే ఇంకో హోటల్లో దెబ్బ తిన్నాను. వాళ్ల సేమియా గిన్నెను ఫో అంటారు. అక్కడ కూరగాయల ఫో అని రాసి ఉంటే తెప్పించుకొని సగం తాగాక అడిగాను. పైన కూరగాయలే గానీ, చారు మాత్రం పశువుల ఎముకలతో కాచినదట. ముందు నేనొక్కణ్ణే వెళ్లి చూసుకోవటం మంచిదయింది. అప్పటి నుంచి కొన్ని మాటలు చిన్న పుస్తకంలో రాసుకున్నాను. బో అంటే గొడ్డు మాంసం, గా అంటే కోడి, హెయో అంటే పంది, కా అంటే చేప. ముంచుకునేందుకు ఇచ్చే నీళ్ల పచ్చడిలో చేపల రసం ఉంటుంది. అడగకుండా ముట్టవద్దు.

మంచి హోటలు పోల్చుకోవటానికి నేను పాటించిన పద్ధతి చెబుతాను. బోర్డు చూసి పోకూడదు. పగలు పదకొండు గంటలకు ఆ దేశపు ముసలివాళ్లు ఎక్కడ కూర్చున్నారో చూడాలి. మనలాగే వాళ్లూ డబ్బు లెక్కచూసుకొని, పళ్లకు అనువైనది తింటారు. రెండోది, ధర పక్కన పన్ను, ఆపైన టిప్పు కలుపుకొని లెక్కవేయాలి. నేను వెళ్లినచోట గిన్నె పన్నెండు డాలర్లు. అప్పటి లెక్కన వెయ్యి రూపాయలకు దగ్గర. అయితే ఒక గిన్నె మా ఇద్దరికీ సరిపోయేది. బాన్ మీ అని ఒక రొట్టె ఉంటుంది. ఫ్రెంచివాళ్లు నేర్పిన రొట్టెలో వీళ్లు ఊరవేసిన ముల్లంగి, క్యారెట్, కొత్తిమీర, పచ్చిమిరప పెట్టి అమ్ముతారు. దాని ధర గిన్నెలో సగమే. మూడోది, షుగరు ఉన్నవారు వాళ్ల కాఫీ జోలికి పోవద్దు. అడుగున డబ్బా పాలు, అంతా చక్కెరే.

మరుసటి వారం మా ఆవిడను తీసుకువెళ్లాను. ఆరోజు కూర్చునేందుకు చోటు లేదు. విచారిస్తే పౌర్ణమి అని తెలిసింది. వాళ్లలో బౌద్ధులు చాలామంది చాంద్రమాసంలో మొదటి రోజు, పదిహేనో రోజు మాంసం ముట్టరు. నిష్ఠగా ఉండేవారు ఉల్లి, వెల్లుల్లి కూడా తినరట. ఇది విని మా ఆవిడ ముఖం విప్పారింది. "మన లెక్కనే ఉన్నరు గదయ్యా" అన్నది.

ఆరోజు తెచ్చిన పులుసులో చింతపండు, టమాట, బెండకాయ, అనాసపండు ముక్కలు ఉన్నాయి. ఒక చెంచా తాగి, "చారే ఇది. జర తీపి ఎక్కువైంది, పోపు లేదు" అని తీర్పు చెప్పింది. గిన్నె మాత్రం ఖాళీ చేసింది. పొయ్యి చూడని మధ్యాహ్నం ఆమెకు ఎన్నేళ్లకు దొరికిందో నాకే తెలియదు.

బిల్లు తెచ్చిన ఆ ముసలమ్మ చెయ్యి పట్టుకొని మా ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసింది. మణికట్టు దాకా కాలిన మచ్చలు. తన చెయ్యి పక్కన పెట్టి చూపింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. బస్సులో వస్తూ అన్నది: "నాకు ఒక్కపూట సెలవు దొరికింది సరే. నాకోసం ఆమె నిలబడ్డది. ఆమెకు ఎవరిస్తరు?"

దానికీ జవాబు చెప్పలేకపోయాను. ఒకటి మాత్రం తెలిసింది. హోటలు వెతకటం తేలిక. నేను పొయ్యి దగ్గరికి పోవటమే నేను చేయని పని.

తిరిగి వచ్చాక ఆదివారం వంట నాది. మొదటి వారం పప్పు మాడింది. ఇప్పుడు పచ్చి పులుసు బాగానే కుదురుతోంది. జొన్నరొట్టె మాత్రం నా చేతిలో విరిగిపోతుంది. అందుకని సాయంత్రం బజారులో రొట్టెలు కాల్చి అమ్మే అమ్మ దగ్గర కొంటాను. బేరం ఆడను.

పెన్షన్ మన హక్కని కోర్టు దాకా వెళ్లి సాధించుకున్నవాళ్లం. ఇంట్లో ఉన్న మనిషికి వారానికి ఒక్కరోజు సెలవు మంజూరు చేయటానికి ఏ కోర్టూ అక్కరలేదు. ఈ సభ అయ్యాక ఇంటికి పోయి ఆలోచించండి. ముందు వరుసలో కూర్చున్న మా ఆవిడ నేను చెప్పింది నిజమేనని తల ఊపుతున్నది. పప్పు మాడిన సంగతికి మరీ ఎక్కువగా ఊపుతున్నది.