“హిజ్” అనగా ఎవరిది?

పాకాల జంక్షనునుండి ఒక దారి కాట్పాడికి, ఒక దారి ధర్మవరమునకు పోవును. తండ్రి ఒక బండికి, కుమారుడు వేరొక బండికి వేచియున్నారనుకొనుడు. “తన బండి వచ్చినదని తండ్రి కుమారునితో చెప్పెను” అన్నచో అది తండ్రి బండి. “అతని బండి” అన్నచో కుమారునిది. ఆంగ్లమున రెంటికిని “హిజ్” ఒక్కటే.

తెలుగునకును ఇట్టి చిక్కు లేకపోలేదు. “అది వచ్చినది” అన్నచో ఆవు వచ్చినదో, ఆడుపిల్ల వచ్చినదో తెలియదు. ఆంగ్లము “షీ”, “ఇట్” అని విడదీయును.

సందేహము కలిగినపుడు ముందు వెనుకల వాక్యములు చదువవలెను. అవియు తేల్చనిచో సర్వనామమును విడిచి పేరునే వ్రాయవలెను. ఆంగ్ల దస్తావేజులో “హిజ్ బావి” యని యున్నచో, అది అమ్మినవానిదో కొన్నవానిదో తేలనిదే ఎవరును సంతకము చేయరాదు.